నీళ్లు నిలిచే మూలకు ఒక విల్లో



ఫిబ్రవరి చివరికొచ్చాం. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, న్యూయార్క్, అటు మిషిగన్ దాకా మన పెరళ్లలో మంచు కరిగే రోజులివి. కరిగిన నీరంతా ఎక్కడికి చేరుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కంచె వారనో, షెడ్డు వెనకో పల్లంగా ఒక మూల ఉంటుంది. ఏప్రిల్ దాకా అక్కడ అడుగు పెడితే బూటు దిగబడిపోతుంది. మే నెలలో మోవర్ తిప్పితే చక్రాల గాడులు పడతాయి. గడ్డి విత్తనం ఎన్ని మార్లు చల్లినా మొలిచినట్టే మొలిచి పసుపెక్కిపోతుంది, చివరికి నాచు మిగులుతుంది. ఈ కార్యక్రమానికి వచ్చే ప్రశ్నల్లో టమాటాల తర్వాత ఎక్కువగా వినిపించేది ఈ మూల గురించే.

అసలు అక్కడ నీరు ఎందుకు నిలుస్తుంది? కొత్త కాలనీల్లో ఇళ్లు కట్టేటప్పుడు పైనున్న మంచి మన్నంతా గీకేస్తారు. దాని కింద బంకమన్ను మీద బుల్డోజర్లు నెలల తరబడి తిరుగుతాయి. మన్ను రాయిలా గట్టిపడ్డాక పైన నాలుగంగుళాల మట్టి పోసి, పచ్చిక చాపలు పరిచేసి, మన చేతికి తాళాలు ఇచ్చేస్తారు. పైనుంచి దిగిన నీటికి కిందికి దారి లేదు. దానికి తోడు బేస్‌మెంట్‌లోని సంప్ పంపు గొట్టం, పైకప్పు నీళ్ల గొట్టం రెండూ ఆ వైపే వదులుతారు.

ఇలాంటప్పుడు మనవాళ్లకు మొదట తట్టే ఆలోచన, ఒక ట్రక్కు మన్ను తోలించి మెరక చేసేద్దామని. తొందరపడకండి. మెరక చేస్తే నీరు మాయం కాదు, పక్కింటివాళ్ల పెరట్లోకి పోతుంది. అక్కడి నుంచి తగువు మొదలవుతుంది. పైగా మీ స్థలం చివర నిజమైన చిత్తడి నేల ఉంటే దాన్ని పూడ్చే హక్కు మనకు లేదు. న్యూజెర్సీలో మంచినీటి చిత్తడి నేలల రక్షణకు 1987లోనే చట్టం చేశారు. మన్ను తోలించే ముందు టౌన్‌షిప్ ఆఫీసులో ఒక మాట అడగడం మంచిది.

నన్నడిగితే ఆ మూలను ఆరబెట్టాలన్న పంతమే వదిలేయమంటాను. తడి నేలే కావాలని కోరుకునే మొక్కలు ఈ దేశంలోనే పుట్టినవి ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కదాని గురించే ఈవేళ మాట్లాడతాను. అదే పుస్సీ విల్లో. శాస్త్రీయ నామం సాలిక్స్ డిస్కలర్.

విల్లో అనగానే మనకు క్రికెట్ బ్యాటు గుర్తొస్తుంది. కశ్మీర్ నుంచి మనకొచ్చే బ్యాట్లు చేసేది విల్లో చెక్కతోనే, కాకపోతే అది వేరే జాతి, పెద్ద చెట్టు. భారతదేశంలో వాగుల ఒడ్డున పెరిగే విల్లో కూడా ఒకటుంది, దాన్ని తెలుగులో ఏటిపాల అంటారు. అదీ చెట్టే. పుస్సీ విల్లో మాత్రం పొద. ఆరు నుంచి పదిహేను అడుగుల ఎత్తు వస్తుంది, పట్టించుకోకుండా వదిలేస్తే ఇరవై కూడా దాటవచ్చు. కెనడా అంతటా, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో వాగుల పక్కన, చెరువు గట్ల మీద, రోడ్డు పక్క కాలువల్లో దానంతటదే పెరుగుతుంది. దీనికి శాస్త్రీయ నామం పెట్టినాయన గాట్‌హిల్ఫ్ మ్యూలెన్‌బర్గ్. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో చర్చి పాస్టరు. ఆదివారం ప్రసంగాలు చేసుకుంటూ, మిగతా రోజుల్లో ఊరి చుట్టూ మొక్కలు ఏరుకుంటూ తిరిగిన మనిషి. 1803లో ఈ పేరు అచ్చయింది.

నీళ్లలో నిలబడి ఈ మొక్క ఎలా బతుకుతుందో చూద్దాం. వేరుకు కూడా ఊపిరి కావాలి. నీటితో నిండిన మన్నులో గాలికి చోటుండదు, అందుకే గడ్డి వేళ్లు కుళ్లిపోతాయి. విల్లో వేళ్లలో మాత్రం కణాల మధ్య గాలి గదులుంటాయి. పైన కాండం పీల్చుకున్న ప్రాణవాయువు ఆ దారిలో వేరు చివరిదాకా దిగుతుంది. రెండో సంగతి, కొమ్మ బెరడు కింద వేరు మొలకలు ముందే తయారై నిద్రలో ఉంటాయి. వరదొచ్చి కొమ్మ విరిగి, కొట్టుకుపోయి ఎక్కడో బురదలో చిక్కుకుంటే, అక్కడే వేళ్లు తన్నుకొస్తాయి. వాగుల గట్లు కోసుకుపోకుండా విల్లో కర్రలు పాతేది ఈ గుణం చూసే.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. విల్లో నాటితే నీళ్లన్నీ తాగేస్తుంది, నేల పొడిబారుతుంది అనుకుంటారు. మొక్క నీరు లాగేది ఆకుల ద్వారా ఆవిరి చేయడానికి. జూన్, జులైలలో అది నిజమే, గట్టిగానే లాగుతుంది. కానీ మన మూల ముంపుకు గురయ్యేది మార్చిలో. అప్పటికి దాని మీద ఒక్క ఆకు కూడా ఉండదు. కాబట్టి వసంతంలో నీటి మడుగు ఉంటుంది, మొక్కా ఉంటుంది. ఆ మడుగు వారం దాటి నిలబడితే దోమలు పెరుగుతాయి. అంత లోతు గుంట ఉంటే విల్లో ఒక్కటే మందు కాదు, నీటికి దారి చూపించాల్సిందే.

మీ మూల ఏ రకమో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష. మంచు పూర్తిగా వదిలాక అడుగు లోతు గొయ్యి తీయండి. నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపండి. ఒక్క రోజులో ఇంకిపోతే ఆ చోట ఎన్నో పూల మొక్కలు పెట్టుకోవచ్చు, మీకు చాలా అవకాశాలున్నట్టే. రెండు మూడు రోజులైనా గొయ్యిలో నీళ్లు అలాగే కనిపిస్తుంటే అది విల్లో చోటు. ఎండ మాత్రం చూసుకోండి. రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాలి. నీడలో బతుకుతుంది కానీ కొమ్మలు పలచబడి, పూత తగ్గిపోతుంది.

ఇక పూత సంగతికి వద్దాం. ఈ పొదకు నేను ఇంత మర్యాద ఇచ్చేది ఆ పూత వల్లే.

చలికాలమంతా కొమ్మ మీద మొగ్గలు ఎర్రటి గోధుమరంగు టోపీలు పెట్టుకుని ఉంటాయి. విల్లో మొగ్గకు ఉండేది ఒక్కటే పొర. మార్చిలో నాలుగు రోజులు ఎండ కాయగానే ఆ టోపీ మొత్తంగా ఊడిపోతుంది. లోపల బూడిదరంగు పట్టు ముద్ద, పిల్లికూన పాదం పట్టుకున్నంత మెత్తగా ఉంటుంది. ఆ నూగు కంకిని చలి నుంచి కాపాడుతుంది. ఇంకో వారం పది రోజులకు ఆ నూగులోంచి పసుపుపచ్చ కేసరాలు పైకొస్తాయి. అప్పుడు పొదంతా పసుపు చల్లినట్టవుతుంది. ఆ రోజుల్లో చుట్టూ చూడండి, మేపుల్ చెట్లు ఇంకా మోడులే, డాండెలయన్ కూడా సరిగా విచ్చుకోలేదు. ఈ పొద చుట్టూ మాత్రం జుమ్మని చప్పుడు.

వచ్చేది ఎవరు? ముందుగా బంబుల్‌బీ రాణి. బంబుల్‌బీల గూట్లో శీతాకాలం దాటి బతికేవి కొత్త రాణులే. మిగతావన్నీ శరదృతువు చివరికి చనిపోతాయి. రాణి ఒంటరిగా మట్టిలో దూరి ఆరేడు నెలలు నిద్రపోతుంది. లేచేసరికి ఒంట్లో కొవ్వు కరిగిపోయి ఉంటుంది. ఆ ఆకలికి తేనె కావాలి, పెట్టబోయే మొదటి గుడ్ల సంతానానికి పుప్పొడి కావాలి. ఆ వారంలో తిండి దొరక్కపోతే ఆ ఏడాది ఆ గూడే లేదు. తర్వాత వచ్చేవి నేలలో బొరియలు తవ్వుకునే చిన్న ఆండ్రీనా తేనెటీగలు. వాటిలో కొన్ని జాతులు తమ పిల్లలకు విల్లో పుప్పొడి తప్ప వేరేది పెట్టవు. మనం తేనెపట్టులో చూసే తేనెటీగ కూడా వస్తుంది కానీ అది ఈ ఖండానిది కాదు. యూరప్ నుంచి 1622లో ఓడెక్కి వర్జీనియాకు వచ్చింది, మనలాగే వలస వచ్చిన జీవి.

తెలుగు తోటల్లో దీనికి ఇంకో లాభం ఉంది. మనం జూన్‌లో సొర, బీర, గుమ్మడి పాదులు పెట్టి, పిందె నిలవడం లేదని బాధపడుతుంటాం. గుమ్మడి పువ్వుకు బంబుల్‌బీ మంచి చుట్టం. మార్చిలో రాణికి తిండి దొరికితే జులైలో మీ పాదుకు పనివాళ్లుంటారు. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కనుక దానికి వేరే చుట్టాలూ వస్తారనుకోండి.

ఇప్పుడు కొనేటప్పుడు చూసుకోవాల్సినవి. విల్లోల్లో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. తాటిచెట్లలో పోతుతాడు ఉన్నట్టే. పెరట్లో పోతు బొప్పాయి మొలిస్తే నరికేస్తాం. ఇక్కడ పోతు మొక్కనే అడిగి మరీ తెచ్చుకోవాలి, ఎందుకంటే పెద్ద కంకులు, పసుపు కేసరాలు, పుప్పొడి దానికే. ఆడ కంకులు ఆకుపచ్చగా, సన్నగా ఉంటాయి. తేనె వాటిలోనూ ఉంటుంది, కాబట్టి తేనెటీగలకు అవీ పనికొస్తాయి. మే నెలలో ఆడ మొక్క నుంచి దూది పింజలు ఎగురుతాయి. గింజతో పెంచిన మొక్క మగో ఆడో పూసేదాకా తెలియదు. కొమ్మ నాటి పెంచినదైతే తల్లి మొక్క ఏదో ఇదీ అదే. నర్సరీలో ఈ ప్రశ్న ఒక్కటి అడగండి.

రెండో జాగ్రత్త. పుస్సీ విల్లో అని చీటీ కట్టి అమ్మేవాటిలో చాలా వరకు యూరప్ నుంచి వచ్చిన గోట్ విల్లో, అంటే సాలిక్స్ కాప్రియా. గొడుగులా కొమ్మలు కిందికి వేలాడే పొట్టి మొక్క కనిపిస్తే అది తప్పకుండా అదే, కాండం మీద అంటు కట్టి అమ్ముతారు. చూడటానికి ముద్దుగానే ఉంటుంది. కానీ నేను చెప్పేది ఇక్కడి మొక్క గురించి. ఆకు తిప్పి చూడండి. ఇక్కడి దానికి ఆకు అడుగున బూడిద పూసినట్టు తెల్లగా, దాదాపు నున్నగా ఉంటుంది. గోట్ విల్లో ఆకు అడుగున ఉన్నిలాంటి నూగు ఉంటుంది. ఆకులు లేని కాలంలో కొంటుంటే చీటీ మీద శాస్త్రీయ నామం చూడటం ఒక్కటే దారి.

కొనకపోయినా ఫర్వాలేదు. తెలిసినవాళ్ల ఇంట్లో మగ పొద ఉంటే కొమ్మ అడిగి తెచ్చుకోండి. సమయం సరిగ్గా ఇదే, మొగ్గ పగలకముందు. పెన్సిల్ లావు ఉన్న నిరుటి కొమ్మను అడుగు పొడవు ముక్కలు చేయండి. కింది కొన ఏటవాలుగా, పై కొన తిన్నగా కోస్తే తలకిందులు కాకుండా గుర్తుంటుంది. తడి నేలలో ఎనిమిది అంగుళాలు దిగేలా గుచ్చి, పైన రెండు మూడు కళ్లు వదలండి. అంతే. హార్మోను పొడి అక్కర్లేదు, కుండీ అక్కర్లేదు. చుట్టూ మూడడుగుల మేర గడ్డి తీసేసి చెక్కపొట్టు పరవండి, మొదటి వేసవిలో గడ్డితో పోటీయే దానికి అసలు శత్రువు. విల్లో కొమ్మలు నానబెట్టిన నీళ్లు పోస్తే కరివేపాకు కొమ్మ కూడా వేరు పట్టేస్తుందని కొందరు చెబుతారు. చేసి చూడటంలో నష్టమేమీ లేదు, నాకు మాత్రం పెద్ద నమ్మకం లేదు.

చోటు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. విల్లో వేరు తడిని వెతుక్కుంటూ పోతుంది. పాత మట్టి గొట్టాల అతుకుల్లో సన్నని చీలిక దొరికినా లోపలికి దూరి, అక్కడే జడలు కడుతుంది. మురుగు గొట్టానికి, నీటి గొట్టానికి, ఇంటి పునాదికి దూరంగా పెట్టండి. సెప్టిక్ ట్యాంకు ఉన్నవాళ్లు దాని డ్రెయిన్ ఫీల్డ్ నుంచి యాభై అడుగులు వదలండి. అంత చోటు లేకపోతే ఈ మొక్క మీకు వద్దు, నిస్సంకోచంగా మానేయండి. గొయ్యి తవ్వడానికి కొన్ని రోజుల ముందు 811కు ఫోన్ చేయండి. 2007 నుంచి దేశమంతటికీ అదే నంబరు. ఉచితంగా వచ్చి గ్యాస్, కరెంటు లైన్లు రంగుతో గుర్తులు పెట్టి పోతారు. అయితే మీ సొంతంగా వేయించుకున్న స్ప్రింక్లర్ గొట్టాలు, సంప్ పంపు గొట్టం వాళ్ల లెక్కలోకి రావు, అవి మీరే గుర్తుపెట్టుకోవాలి.

జింకలున్న వీధైతే మొదటి రెండు మూడేళ్లు చుట్టూ అయిదడుగుల ఎత్తు తీగ కంచె వేయండి. లేత చిగుళ్లు మేస్తాయి, శరత్తులో మగ జింకలు కొమ్ములు రుద్ది బెరడు ఊడగొడతాయి. కుందేళ్లు కింద నుంచి కొరుకుతాయి.

ఇంత పొగిడాక దాని లోపం కూడా చెప్పాలి. వేసవిలో ఇది అందమైన మొక్క కాదు. జులై దాటితే ఆకుల మీద బూడిద తెగులో, తుప్పు తెగులో కనిపిస్తుంది. జపనీస్ బీటిల్ వచ్చి చిల్లులు పొడుస్తుంది. ఆకు శరత్తులో కాస్త పసుపెక్కి రాలిపోతుంది, మేపుల్‌లా ఫొటోలు తీసుకునే రంగేమీ రాదు. కాబట్టి ఇంటి ముందు పెట్టకండి. పుప్పొడి పడనివాళ్లుంటే పడకగది కిటికీకీ దూరంగా ఉంచండి. వెనక మూలే దాని చోటు.

ఆ చిల్లుల ఆకుల్లోనే ఇంకో కథ నడుస్తుంటుంది. డెలవేర్ విశ్వవిద్యాలయంలో కీటకాల శాస్త్రవేత్త డగ్లస్ టాలమీ, ఏ మొక్క మీద ఎన్ని రకాల సీతాకోకచిలుకలు, చిమ్మటలు పెరుగుతాయో లెక్కలు తీశారు. మన తూర్పు తీర ప్రాంతంలో ఓక్ మొదటి స్థానంలో ఉంటే, విల్లోలు కూడా 450కి పైగా రకాలతో దాని తర్వాతి వరుసలోనే నిలిచాయి. పక్షి పిల్లలకు తల్లులు నోట్లో పెట్టేది గొంగళిపురుగులనే. మీరు ఆకు మీద మందు కొడితే ఆ వంటిల్లు మూతపడుతుంది.

మందు బదులు కళ్లు వాడండి. నల్ల ఒంటి మీద ఎర్ర చుక్కలతో గుంపుగా కొమ్మనంతా మేసేస్తున్న పురుగులు కనిపిస్తే అవి మోర్నింగ్ క్లోక్ సీతాకోకచిలుక పిల్లలు. ఆ సీతాకోకచిలుక పెద్దదిగానే బెరడు సందుల్లో దాక్కుని చలికాలం గడుపుతుంది, మార్చిలోనే ఎగురుతూ కనిపిస్తుంది. వైస్రాయ్ అనే ఇంకో సీతాకోకచిలుక ఉంది, మోనార్క్ సీతాకోకచిలుకలా నారింజరంగు. దాని పిల్ల పురుగు ఆకు ముక్కను చుట్టలా చుట్టి, పట్టుదారంతో కొమ్మకు కట్టేసి, అందులో చలికాలమంతా పడుకుంటుంది. జనవరిలో కొమ్మకు ఎండుటాకు గొట్టంలా వేలాడుతుంటే ఊడబీకకండి. కొమ్మ చివర పైన్ కాయ లాంటిది కాసిందని ఒకరిద్దరు నన్ను అడిగారు. విల్లోకు పైన్ కాయ కాయదు. అదొక చిన్న ఈగ పని. అది గుడ్డు పెట్టిన చిగురు పొడవు పెరగకుండా, ఆకులు పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేరుకుని కాయలా అవుతుంది. మొక్కకు హాని లేదు.

కత్తిరింపు విషయంలో ఒకే నియమం, పూత అయిపోగానే. వచ్చే ఏడాది మొగ్గలు ఈ వేసవిలో పెరిగిన కొమ్మల మీదే తయారవుతాయి. శరత్తులో శుభ్రం చేద్దామని కత్తెర పడితే మార్చిలో పూత ఉండదు. మూడు నాలుగేళ్లకోసారి మొత్తం పొదను నేల నుంచి అడుగు ఎత్తుకు నరికేయండి. చూసేవాళ్లు అయ్యో అంటారు. ఆ వేసవికే నాలుగైదు అడుగుల కొత్త కర్రలు లేస్తాయి, కంకులు కూడా పెద్దవి వస్తాయి.

ఒంటరిగా పెట్టడం ఇష్టం లేకపోతే తోడు మొక్కలు రెండు చెబుతాను. ఒకటి బటన్ బుష్. నీళ్లలో నిలబడి తెల్లటి బంతుల్లా పూస్తుంది. అది మన కదంబం కుటుంబానిది, పువ్వు చూడగానే మీరే గుర్తుపడతారు. రెండోది స్వాంప్ మిల్క్‌వీడ్. తుంచితే పాలు కారుతాయి, జిల్లేడు చుట్టమది. మోనార్క్ దాని మీద గుడ్లు పెడుతుంది. విల్లో మార్చిలో, బటన్ బుష్, మిల్క్‌వీడ్ జులైలో పూస్తాయి.

కొమ్మలు ఇంట్లోకి తెచ్చుకోవచ్చా అంటే నిక్షేపంగా తెచ్చుకోవచ్చు. మొగ్గ ఉబ్బిన కొమ్మలు కోసి, గోరువెచ్చటి నీళ్లలో పెడితే వారం రెండు వారాల్లో పట్టు కంకులు బయటికొస్తాయి. అప్పుడు నీళ్లు పారబోసి ఖాళీ కూజాలో పెట్టండి, పుప్పొడి రాలకుండా ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. నీళ్లలో వదిలేస్తే వేళ్లొస్తాయి, అది ఇంకో మొక్క. ఈ కొమ్మలకు పెద్ద మర్యాదలే ఉన్నాయి. పోలండ్‌లో, ఉక్రెయిన్‌లో ఈస్టర్ ముందు ఆదివారం తాటాకు మట్టలకు బదులు ఇలాంటి విల్లో కొమ్మలే చర్చికి తీసుకెళ్తారు. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో పోలిష్‌వాళ్లు ఈస్టర్ మర్నాడు డింగస్ డే అని చేసుకుంటూ, ఈ కొమ్మలతో ఒకరినొకరు సరదాగా తట్టుకుంటారు.

మన ఉగాదికి కూడా ఇది సరిగ్గా పూత మీదుంటుంది. వేపపువ్వు దొరకలేదని పచ్చడిలో వేయకండి మరి! చేదుకు మాత్రం కొదవ లేదు. విల్లో బెరడు చేదుగా ఉంటుందని గమనించి, జ్వరాలకు వాడి చూసి 1763లో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ స్టోన్ అనే పాస్టరు రాయల్ సొసైటీకి ఉత్తరం రాశారు. ఆ తీగ పట్టుకుని పోయిన రసాయన శాస్త్రం శతాబ్దం పైగా గడిచాక ఆస్పిరిన్ దాకా వెళ్లింది. ఉగాదినాడు దేవుడి దగ్గర పెట్టడానికి రెండు కొమ్మలు చాలు.

చివరగా, దక్షిణాన, పడమట ఉన్న శ్రోతలు నిరాశపడకండి. డాలస్ ఎండకు పుస్సీ విల్లో నిలవదు, మొక్కల చలి మండలాల లెక్కలో అది జోన్ 4 నుంచి 8 లోపు చల్లటి చోట్ల మొక్క. టెక్సస్‌లో బ్లాక్ విల్లో సొంత మొక్కే కానీ పెద్ద చెట్టు, ఎకరం ఉన్నవాళ్లకే చెబుతాను. జార్జియా, ఫ్లోరిడావాళ్లకు కరోలినా విల్లో ఉంది. సియాటిల్ వైపు స్కూలర్స్ విల్లో, కాలిఫోర్నియాలో అరోయో విల్లో. గొట్టాల దూరం, 811, పూత తర్వాత కత్తిరింపు, ఇవన్నీ అక్కడా ఇవే. వచ్చే వారం కుండీలో కరివేపాకును బయటపెట్టే సమయం గురించి మాట్లాడుకుందాం. సెలవు.